పెరిగే పిల్ల

మా ఆయన మునిరత్నం నగరిలో టైలరు. మా భానుశ్రీకి ఏది కుట్టినా రెండు వేళ్ళు ఎక్కువ పెట్టి, లోపల మడత వేస్తాడు. అదేమంటే "పెరిగే పిల్ల గదే" అంటాడు. నా కూతురు సరిగ్గా పట్టే గుడ్డ వేసుకున్న పాపాన పోలేదు. దీని మీద మా ఇంట్లో జరిగిన రభస అంతా ఇంతా కాదు.

గుడ్డలైతే పోనీలే అనుకోవచ్చు. పిల్ల విలువిద్య నేర్చుకుంటోందని చెన్నైలో విల్లు కొన్నప్పుడూ అదే బుద్ధి. తాడు లాగే పొడుగు కాస్త ఎక్కువే పెట్టమని అంగడాయనకు చెప్పి మరీ పెట్టించుకొచ్చాడు.

నెల తిరిగేసరికి పిల్లకు ఎడమ భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి చెయ్యి లేవదు. జిల్లా జట్టు ఎంపిక దగ్గర్లో ఉంది, తెలిస్తే మాన్పిస్తానని నా దగ్గర దాచింది. జడ దగ్గర బయటపడిపోయింది. నేనూరుకుంటానా? ముగ్గురం తిరుపతి బస్సెక్కాం.

కోచ్ సుజన మేడమ్ సెలవు నుంచి అప్పుడే వచ్చింది. ఒక్కసారి లాగి చూపించమంది. పిల్ల భుజం చెవిదాకా లేచి, నడుము వెనక్కి వాలింది.

"ఇంత పొడుగు లాగితే భుజం నిలబడతాదా? ఇట్లే పోతే ఇంగ విల్లు ముట్టుకునేదానికే కాదు. ఎవరు పెట్టించినారు ఈ కొలత?"

"పెరిగే పిల్ల గదా మేడమ్..." మా ఆయన నసిగాడు.

"చేతులు చాపించి కొలిచి సూడండన్నా. ఆ కొలతను బట్టే తాడు పొడుగు పెట్టాల."

ఊరందరి కొలతలూ తీసే మనిషి, కూతురికి మాత్రం పాత జాకెట్టు పరిచి, దానిమీద రెండు వేళ్ళు కలిపి కత్తిరించేవాడు. ఇప్పుడు ఈ చేతి వేలికొస నుంచి ఆ చేతి వేలికొస దాకా టేపు పట్టాడు. నమ్మకం కుదరక మళ్ళీ పట్టాడు.

"పోయినేడు మేడమ్ కొలిచినప్పుడూ ఇంతే నాయనా," అంది భానుశ్రీ మెల్లిగా. "నేను పెరిగేది అయిపోయిండాది."

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మేడమ్ మర వదులు చేసి పొడుగు తగ్గించింది. పిల్ల మెల్లిగా లాగింది. భుజం లేవలేదు.

"నొప్పి పోయేదాకా రెస్టు. ఎంపికకు వచ్చేయ్," అంది మేడమ్.

వారం తిరక్కుండా భానుశ్రీ తన జడ తనే వేసుకుంది. ఎంపికకని మా ఆయన తెల్లచొక్కా కుట్టడానికి కూర్చున్నాడు. ఈసారి కొలత ఎంతో అంతే గీశాడు. ఇన్నేళ్ళు పోట్లాడిన దాన్ని, సంతోషించాలి కదా. కత్తెర అంచు దగ్గరికొచ్చేసరికి నాకు దుఃఖం ఆగలేదు. చెయ్యి పట్టుకున్నాను.

"అంచున రెండు వేళ్ళు మడతకు పెట్టయ్యా."

"ఇంగ పెరగదు గదే, చెంగమ్మా."

"తెలుసులే. అయినా పెట్టు."