కుట్టుకి వదిలిన అయిదు సెంటీమీటర్లు

నాయనమ్మ తడిగుడ్డ పిండి, మనవరాలు పిడుగు నుదుటి మీద పరిచి, అంచులు సర్దింది. పిల్ల బడి నుంచి రాగానే రోజూ ఇదే తంతు. గుడ్డ ఆరేదాకా పిల్ల కదలకూడదు, మాట్లాడకూడదు, ముఖ్యంగా ఆలోచించకూడదు.

"నేనేం ఆలోచించట్లేదు నాయనమ్మా."

"అబద్ధాలాడకు. కనుబొమలు కదులుతున్నాయి."

పిడుగు అన్నది చిన్నప్పటి ముద్దుపేరు. పోయినేడు బడిలో ఫిట్స్ వచ్చి పడిపోయాక ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవడం లేదు. ఇప్పుడంతా "తల్లీ", "బంగారం". మాత్రలు మొదలుపెట్టాక పడిపోవడం ఆగింది. అప్పుడప్పుడు మాత్రం కాసేపు చూపు ఒకచోట నిలిచిపోతుంది, మళ్లీ తనే తేరుకుంటుంది. "అందరు పిల్లల్లాగే చదువుకోనివ్వండి" అని డాక్టరుగారు చెప్తే పెద్దవాళ్లు ముగ్గురూ బుద్ధిగా తలలూపారు. ఇంటికొచ్చి, పిల్ల మెదడుకి పని పెట్టకూడదని అంతే బుద్ధిగా తీర్మానించుకున్నారు.

అప్పట్నుంచి హోంవర్కు ఇంటిల్లిపాదిదీ అయింది. లెక్కలు నాన్నవి. ఆయన దర్జీ, రోజంతా కొలతలతోనే బతుకుతాడు కాబట్టి లెక్కల్లో తనకి తిరుగులేదని ఆయన నమ్మకం. వ్యాసాలు అమ్మవి, బొత్తాలు కుడుతూనే ఆలోచించేస్తుంది. ఇద్దరి మీదా అజమాయిషీ నాయనమ్మది. వాళ్లు చిత్తుకాగితం మీద రాసిచ్చిందాన్ని పిడుగు పొద్దున్నే తన చేత్తో నోటుపుస్తకంలోకి ఎక్కించుకోవాలి. చెయ్యి కదలొచ్చు. మెదడు కదలకూడదు.

"అమ్మా, ఇందులో అత్తగారు అని ఉంది. నాకు అత్తగారు లేరు కదా?" అని ఓసారి అడిగింది.

"ఆలోచించకమ్మా, రాసెయ్" అంది అమ్మ.

ఇప్పుడు కూడా నాన్న కత్తిరింపు బల్ల దగ్గర చెవి వెనక సుద్దముక్క పెట్టుకుని లెక్కలతో కుస్తీ పడుతున్నాడు. అంతలో గుమ్మంలో నాలుగో తరగతి టీచరమ్మ కనపడింది. నాన్న చిత్తుకాగితం మీద ఎవరిదో పాంటు కప్పేశాడు. నాయనమ్మ తడిగుడ్డ లాగి కొంగు కింద దాచింది.

టీచరమ్మ కుర్చీలో కూర్చుని, సూటిగా విషయానికొచ్చింది.

"పిల్లని మూడో తరగతికి దింపుదామనుకుంటున్నానండీ."

పిడుగు చాప మీద లేచి కూర్చుంది. మూడో తరగతిలో సోడాబుడ్డి ఉండదు. అందరూ సోడాబుడ్డి అని పిలిచే ఆ కళ్లద్దాల పిల్ల పిడుగు బెంచీలోనే కూర్చుంటుంది. పిడుగు చూపు నిలిచిపోయినప్పుడు, పాఠం ఏ వాక్యం దాకా వచ్చిందో అక్కడ వేలు పెట్టి ఉంచుతుంది. అంతకంటే ఏమీ చెయ్యదు. ఆ వేలు ఉంటే చాలు.

"అంత తప్పు ఏం చేసిందమ్మా నా బంగారం?" అంది నాయనమ్మ.

"తప్పు కాదండీ. మొన్న సోడాబుడ్డి బడికి రాలేదు. రాజుగారి కథ అడిగితే, 'రాజుగారు వేటకి బయల్దేరి ఇద్దరు పిల్లల్ని కన్నారు' అంది. మధ్యలో పెళ్లి ఏమైందే అంటే, 'నాకు తెలీదు టీచర్, నన్ను పిలవలేదు' అంది."

నాన్న నవ్వబోయి, దగ్గాడు.

"అది పర్లేదు. వదిలేసిన ముక్క మళ్లీ చెప్తే పట్టుకుంటుంది. నా భయమంతా హోంవర్కు గురించే. వారంవారం దిగజారిపోతోంది. ఒక గుడ్డని సమానంగా ముక్కలు చెయ్యమంటే, ముక్కలన్నీ కలిపితే అసలు గుడ్డ కంటే ఎక్కువొస్తోంది. కత్తిరించేకొద్దీ పెరిగే గుడ్డ ఏ కొట్లో దొరుకుతుందండీ? నేనూ కొనుక్కుంటా."

నాన్న టేపు మెడకి బిగించుకున్నాడు.

"ఇంకా ఉంది. 'మా ఇల్లు' అని వ్యాసం రాయమంటే, 'ఎంత చాకిరీ చేసినా మా అత్తగారి నోట మంచిమాట రాదు' అని రాసింది. మాత్రల వల్ల మతి తప్పుతోందేమోనని నాకు రాత్రుళ్లు నిద్ర లేదు."

నాయనమ్మ మెల్లగా కోడలి వైపు తిరిగింది. అమ్మ సూదిలోకి దారం ఎక్కించడంలో మునిగిపోయింది. దారం అప్పటికే ఎక్కి ఉంది.

"నేను ఇక్కడే చేస్తా టీచర్. లెక్క ఇవ్వండి" అంది పిడుగు.

"వద్దు తల్లీ!" అని మూడు గొంతులు.

టీచరమ్మ ఇచ్చింది. అయిదు మీటర్ల గుడ్డ, నాలుగు సమాన ముక్కలు, ఒక్కోటి ఎంత? పిడుగు నాన్న చెవి వెనకనుంచి సుద్ద లాక్కుని గచ్చు మీద మొదలుపెట్టింది. మీటర్లు సెంటీమీటర్లయ్యాయి. అయిదులో నాలుగు ఒకసారి పోతుంది, ఒకటి మిగులుతుంది...

తలెత్తి చూస్తే మనుషుల చోట్లు మారిపోయి ఉన్నాయి. నాయనమ్మ తడిగుడ్డతో, అమ్మ నీళ్లగ్లాసుతో తన మీదకి వంగి ఉన్నారు. సుద్ద నాన్న చేతికెళ్లిపోయింది. టీచరమ్మ మాత్రం గచ్చు మీద కూర్చుని, మిగిలిన ఒకటి పక్కన వేలు పెట్టి ఉంచింది, అచ్చం సోడాబుడ్డిలా.

"ఎక్కడున్నాం?" అంది పిడుగు.

"ఇక్కడ. ఏమండీ, ఆ సుద్ద ఇటివ్వండి."

సుద్ద తిరిగొచ్చింది. పిడుగు చకచకా దించేసింది. "నూట పాతిక సెంటీమీటర్లు."

"మరి కుట్టుకి?" అన్నాడు నాన్న.

ఆ మాట ఆయన ఆపేలోపే బయటపడిపోయింది. గదిలో సూది పడినా వినపడేంత నిశ్శబ్దం. నిజంగానే అమ్మ చేతిలోంచి సూది పడింది.

"కుట్టుకా?" అంది టీచరమ్మ.

"అయిదు సెంటీమీటర్లు వదలాలి కదండీ. లేకపోతే బిగుతైపోతుంది."

"తాడు లెక్కలో కూడా వదిలారు."

"ముడికి కావొద్దూ?"

"రోడ్డు లెక్కలో?"

నాన్న టేపు కొస వేలికి చుట్టుకున్నాడు. "అలవాటండీ" అన్నాడు.

టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. తేరుకున్నాక, "మాత్రలు వేసుకునేది పిల్ల, మతి తప్పింది మీకు" అంది. "దించితే మీ ముగ్గుర్నీ దించాలి. అది నా తరగతిలోనే ఉంటుంది, సోడాబుడ్డి పక్కనే. హోంవర్కు అదే చేస్తుంది. అది ఆగినచోట మీరు వేలు పెట్టి ఉంచండి చాలు. బుర్ర పెట్టకండి."

ఆ రాత్రి నాయనమ్మ, అమ్మ 'మా ఇల్లు' వ్యాసం గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ రభసలో పిడుగు హోంవర్కు ప్రశాంతంగా ముగించింది. రెండు తప్పులొచ్చాయని తనకే అనుమానం. అయినా సొంత తప్పులు.

పొద్దున్నే నాయనమ్మ అలవాటుగా గుడ్డ పిండింది, ఏం చెయ్యాలో తోచక తన నుదుటి మీదే వేసుకుంది. బడి సంచి కోసం మూడు చేతులు సాగాయి. పిడుగు ముందే అందుకుని భుజానికి తగిలించుకుంది.

"బరువుగా ఉంటుందే, పిడుగూ..." అన్నాడు నాన్న, ఏడాదిగా పలకని ఆ పేరు నోట రాగానే నాలిక్కరుచుకున్నాడు.

పిడుగు గుమ్మంలో ఆగి ఆయన్నే చూసింది. చూపు నిలిచిపోయిందేమోనని ముగ్గురూ ఓ అడుగు ముందుకేశారు. నిలిచిపోలేదు. ఆలోచిస్తోంది, అంతే. కనుబొమలు కదులుతున్నాయి, ఎవరూ వద్దనలేదు.

సంచి ఓసారి ఎగరేసి సర్దుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.