లోపల వదిలిన గుడ్డ

నేను దర్జీని. కొత్త బట్టలు కుట్టను, ఉన్నవాటిని సరిచేస్తాను. లావైనవాళ్ళకి వదులు చేస్తాను, చిక్కినవాళ్ళకి బిగిస్తాను. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. మా వీధిలో ఎవరి ఒళ్ళు ఎప్పుడు ఎటు పోతోందో డాక్టరుకన్నా ముందు నాకే తెలుస్తుంది. కుళాయిలు బాగుచేసే ఆయన పెళ్ళయిన ఏడాదికి రెండంగుళాలు పెరిగాడు. బళ్ళో లెక్కలు చెప్పే ఆవిడ మొగుడితో విడిపోయాక మూడంగుళాలు తగ్గింది. ఇవన్నీ కడుపులో దాచుకుంటాను, ఒకరి సంగతి ఇంకొకరి దగ్గర ఎత్తను. అందరి ఒళ్ళూ తెలిసినదాన్ని, నా ఒళ్ళు నాకు తెలియలేదు.

మా తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. నాకన్నా ఆరేళ్ళు చిన్న. ఊహ తెలిసినప్పటినుంచి నన్ను పీపా అనే పిలిచాడు. అక్కా అని పిలవమని అమ్మ తిట్టింది, నాన్న చెవి మెలేశాడు, ఫలితం లేదు. నేను కొట్టడానికి వెంటపడితే "పీపా దొర్లుతోంది, తప్పుకోండి" అని అరుస్తూ వీధి చివరిదాకా పరిగెత్తేవాడు. నలభై ఏళ్ళు దాటాక కూడా నా కొట్టు గుమ్మంలో నిలబడి పదిమంది వినేలా పీపా అని కేకేసేవాడు. పైకి కసిరేదాన్ని గాని, ఏ రోజైనా ఆ కేక వినపడకపోతే తోచేది కాదు.

వాడికి లివరు చెడింది. తాగి చెడగొట్టుకోలేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే విన్న ప్రతివాళ్ళూ మొదట అదే అడుగుతారు, అడిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎప్పుడో పట్టిన కామెర్ల జబ్బు లోపలే ఉండిపోయి పదిహేనేళ్ళు చప్పుడు చెయ్యకుండా తినేసింది. దగ్గరివాళ్ళెవరైనా తమ లివరులో ముక్క ఇస్తే బతుకుతాడన్నారు. మా మరదలు, అంటే వాడి భార్య, ముందుకొచ్చింది, రక్తం కలవలేదు. నాది కలిసింది. కలిసిందన్న సంతోషం ఒక పూట కూడా నిలవలేదు.

"మీ లివరు నిండా కొవ్వుందండీ," అంది డాక్టరమ్మ, స్కాను బొమ్మ నా ముందు పెట్టి. "ఇది కోసి ఇస్తే అక్కడ ఆయనకి పనిచెయ్యదు, ఇక్కడ మీ ప్రాణానికీ ప్రమాదం. పదిహేను కిలోలు తగ్గి రండి, అప్పుడు చూద్దాం."

అప్పుడు నేను ఎనభై ఆరు కిలోలు. ఇంటికొచ్చి డబ్బాలన్నీ ఖాళీ చేశాను. పొద్దున ఒక గుడ్డు, మధ్యాహ్నం ఉడకబెట్టిన కూరగాయలు, రాత్రికి ఏమీ లేదు. రోజూ గంటన్నర నడక. కళ్ళు తిరిగి మిషను మీద వాలిపోయిన రోజులున్నాయి. కోపం ముక్కు మీదే ఉండేది, చీటికీ మాటికీ గిరాకీల మీద విరుచుకుపడేదాన్ని. మూడున్నర నెలలకి డెబ్బై ఒకటికి దిగాను. అంత మొండిదాన్ని.

నా చొక్కాలన్నీ వేలాడుతుంటే ఒక ఆదివారం కూర్చుని బిగించుకున్నాను. మా పనిలో ఒక పద్ధతుంది. ఒళ్ళు తగ్గిందని వచ్చినవాళ్ళ బట్టను బిగించి కుట్టాలే గాని, లోపల మిగిలిన గుడ్డ కత్తిరించి పారెయ్యకూడదు. ఏడాది తిరక్కుండా అదే మనిషి అదే బట్ట పట్టుకుని తల గోక్కుంటూ వస్తాడు, మళ్ళీ విప్పాలి. పదిమందిలో ఎనిమిదిమంది అంతే. నా చొక్కాలకీ గుడ్డ లోపలే ఉంచి కుట్టాను. ఆలోచించి చేసింది కాదు, చెయ్యి దాని అలవాటు ప్రకారం చేసేసింది.

స్కానులో కొవ్వు పోయిందన్నారు. ఆపరేషనుకి తేదీ ఇచ్చారు. మంచం మీద కూర్చున్న తమ్ముడు నన్ను ఎగాదిగా చూశాడు.

"నోరారా పిలుచుకునే పేరు పోగొట్టావు. ఇప్పుడు నిన్నేమనాలి?"

"అక్కా అను. జన్మలో ఒక్కసారి."

"నోరు తిరగదు. ఆపరేషనయ్యాక ప్రయత్నిస్తాలే," అన్నాడు.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి ఇంకో మాట కూడా చెప్పింది. తగ్గడం సగం పనేనట, తగ్గినదాన్ని నిలబెట్టుకోవడం మిగతా సగమట. పస్తులుండి తగ్గిన ఒళ్ళు అదను కోసం చూస్తుంటుందట. ఆసుపత్రిలోనే బరువు నిలబెట్టే సలహాలు చెప్పే ఆవిడ ఉంది, వెళ్ళి కలవమంది. నేను బుద్ధిగా తల ఊపాను. ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేశాను. ఇంకెంత, పద్దెనిమిది రోజులు. పరీక్ష పాసైనదాన్ని, ఇంకా పుస్తకం ఎందుకనుకున్నాను. తూకం మిషను తీసి మంచం కిందకి తోసేశాను.

ఆపరేషను ఇంక ఎనిమిది రోజులుందనగా తమ్ముడికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేసింది. తేదీ వాయిదా పడింది. అది తగ్గేసరికి కడుపులో నీరు చేరి చీము పట్టింది, ఇంకో వాయిదా. వారం అన్నది నెలయింది, నెల నాలుగు నెలలయింది.

మరదలు పుస్తకాల బైండింగు కొట్టులో పనికి పోయేది, సాయంత్రం ఆసుపత్రికి వచ్చేది. పగలంతా నేను వాడి దగ్గర. మధ్యాహ్నం పళ్ళెం వచ్చేది. వాడు రెండు ముద్దలు తిని పళ్ళెం నా వైపు జరిపేవాడు.

"నువ్వు కానిచ్చెయ్. మిగిలిందని తెలిస్తే మీ మరదలు సాయంత్రం నా ప్రాణం తీస్తుంది."

నేను కానిచ్చేసేదాన్ని. ఖాళీ పళ్ళెం చూసి మరదలి మొహం విప్పారేది, "ఇవాళ అంతా తిన్నారా" అని మురిసిపోయేది. వాడు నాకు కన్ను కొట్టేవాడు. ఇక వరండాలో బెంచీ మీద కూర్చున్నప్పుడు బిస్కెట్లు. ఆకలేసి తిన్నానని చెప్పను. లోపల వాడికి సూదులు గుచ్చుతుంటే బయట నా చేతులు ఊరికే ఉండలేకపోయేవి.

ఒకరోజు పొద్దున నీలం చొక్కా చంకల కింద పట్టేసింది. ఇంకో ఆడదైతే అద్దం ముందు నిలబడి బాధపడేది, ఆ పూటకి నోరు కట్టుకునేది. నేను మిషను ముందు కూర్చుని పక్కకుట్టు విప్పి పావంగుళం జరిపాను. పది నిమిషాల పని. ఆసుపత్రికి ఆలస్యమవుతోందన్న ధ్యాస తప్ప ఇంకేమీ లేదు. మూడు వారాల తరవాత మళ్ళీ పావంగుళం. ఆ తరవాత అరంగుళం. చొక్కా బిగుతైతే లావయ్యావని అందరికీ చెబుతుంది. నా చొక్కాకి ఆ మాట చెప్పే వ్యవధి నేనెప్పుడూ ఇవ్వలేదు.

అదే మిషను మీద తమ్ముడి చొక్కాలు బిగించేదాన్ని. చూడ్డానికొచ్చినవాళ్ళకి అంత చిక్కినట్టు కనపడకూడదని వాడి కోరిక. వాడివి లోపలికి, నావి బయటికి, ఒకే దారం రీలు. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

అయిదో నెలలో వాడి ఒళ్ళు ఆపరేషనుకి తట్టుకునేలా ఉందన్నారు. నాకు మళ్ళీ ఒకసారి స్కాను, మామూలు పద్ధతేనన్నారు. తెర చాటున చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాను. కిటికీలోంచి వెలుతురు పడుతోంది. చొక్కా పక్కన పాత కుట్ల చిల్లులు మూడు వరసలు, ఒకదాని పక్కన ఒకటి. గిరాకీ బట్ట అయితే చూడగానే చెప్పేదాన్ని, ఈ మనిషి దగ్గర దగ్గర పది కిలోలు పెరిగిందని.

పదకొండు కిలోలు. లివరులో కొవ్వు తిరిగి వచ్చేసింది.

"తిట్టడానికి నాకు మనసు రావట్లేదు," అంది డాక్టరమ్మ. "ఆరు వారాలు. మళ్ళీ తగ్గండి. ఆయన ఆగగలిగితే చేద్దాం."

తమ్ముడికి నేనే చెప్పాను. మంచం పట్టె పట్టుకుని, నేల చూస్తూ చెప్పాను. చెప్పాక తలెత్తాను. వాడి కళ్ళ పసుపు తప్ప నాకేమీ కనపడలేదు.

"పోనీలే," అన్నాడు. "పీపా తిరిగొచ్చింది. నాకూ కొత్త పేరు వెతుక్కునే పని తప్పింది."

వాడు తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

ఆ రోజునుంచి పచ్చి మంచినీళ్ళమీద బతికాననే చెప్పాలి. ఈసారి ఒళ్ళు లొంగలేదు, మొదటిసారి తగ్గినంత వేగంగా తగ్గలేదు. వారానికి కిలో దిగడమే గగనమైపోయింది. వాడు పళ్ళెం జరపడం మానేశాడు. తినలేనిది తినలేదని మరదలికి చెప్పేసేవాడు. నాలుగో వారం బుధవారం మధ్యాహ్నం వాడు పోయాడు. ఆ పొద్దున తూకం చూసుకున్నాను, డెబ్బై ఎనిమిది.

తరవాత కొన్నాళ్ళు నేనేం తిన్నానో, తిన్నానో లేదో కూడా గుర్తులేదు. తగ్గి ఎవరికివ్వాలి? అయినా ఒకరోజు కాళ్ళు నన్ను ఆ సలహాలు చెప్పే ఆవిడ దగ్గరికే తీసుకెళ్ళాయి. ఎవరికీ లివరు ఇవ్వక్కర్లేని మనిషి ఎందుకొచ్చిందని ఆవిడ అడగలేదు. పస్తులు మానమంది. మూడు పూటలా తినమంది, కూర్చుని, నా పళ్ళెంలోది మాత్రమే. తూకం మిషను మంచం కింద కాదు, నడిచే దారిలో పెట్టమంది. ఒక కిలో పెరిగినప్పుడే చూసుకోవాలట, పదకొండు పెరిగాక కాదు. ఇంత సులువైన మాటలు. విన్నంతసేపూ ఏడ్చాను, ఇవి ముందే వినాల్సిన మాటలని.

ఇంటికొచ్చి నెమ్మదిగా డెబ్బై రెండుకి దిగాను. ఏడాది పట్టింది. అప్పుడు నీలం చొక్కా ఆ కొలతకి కుట్టి, లోపలి గుడ్డ కత్తిరించేశాను. ముప్పై ఏళ్ళలో ఆ పని చెయ్యడం అదే మొదలు. ఇక అది విప్పడానికి వీల్లేదు. ప్రతి సోమవారం పొద్దున తొడుక్కుంటాను. పట్టిందంటే ఆ వారం ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాను. ఇప్పటికి రెండేళ్ళుగా ఒక కిలో అటూ ఇటూ, అంతే. చూసినవాళ్ళు ఎలా నిలబెట్టావు, చెప్పు అని అడుగుతారు. దర్జీ పని కదా, కొలత తెలుసు అంటాను.

మొన్న సోమవారం మరదలు సంచీతో కొట్టుకొచ్చింది. సంచీలో తమ్ముడి చొక్కాలు.

"ఇవి నాకు పట్టేలా చెయ్యి వదినా. పనికి వేసుకెళ్తాను. బీరువాలో పెట్టి రోజూ చూడలేకపోతున్నాను."

టేపు తీసి కొలిచాను. బాగా చిక్కిపోయింది. చేతులు పైకెత్తి నిలబడి, నా నీలం చొక్కా పక్కకుట్టు వైపు చూస్తూ అంది.

"నేను అప్పుడే చూశాను వదినా. ఆ చిల్లులు. ముందు ఒక వరస, తరవాత రెండు. చెబుదామని నోటిదాకా వచ్చింది. మా కోసం కడుపు కోయించుకుంటానన్న మనిషిని తిండి తగ్గించమని ఎలా అడగను?"

నాకు ఒళ్ళు భగ్గుమంది. అడగాల్సింది. జుట్టు పట్టుకుని అడగాల్సింది. టేపు బల్ల మీద పడేశాను.

"అడిగుంటే నిన్ను ఉతికి ఆరేసేదాన్ని," అన్నాను.

"తెలుసు. అందుకే అడగలేదు."

అది నిజం. నా నోటికి భయపడి ఒక మనిషి తన మొగుడి ప్రాణం గురించి మాట్లాడలేకపోయింది. నా తప్పు చొక్కా దగ్గర మొదలవలేదని అప్పుడు తెలిసింది. ఆమె చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. ఇద్దరం ఏడ్చాం, ఇన్నాళ్ళకి ఒకే చోట కూర్చుని.

కళ్ళు తుడుచుకుని మొదటి చొక్కా తిరగేశాను. పక్కకుట్టు లోపల రెండేసి అంగుళాల గుడ్డ మడతలు పడి ఉంది.

"ఇంత గుడ్డ ఎందుకుంది వదినా?"

"నేనే ఉంచాను. ఆపరేషనయ్యాక వాడు ఒళ్ళు చేస్తాడు కదా, అప్పుడు విప్పుదామని."

మరదలు ఆ మడత మీద వేలు పెట్టి ఈ చివరినుంచి ఆ చివరిదాకా రాసింది. నేను కత్తెర తీశాను.

"నీ కొలతకి కుడితే ఇంకా మిగులుతుంది. అంతా లోపలుంటే పక్కల మందంగా గుచ్చుకుంటుంది. కోసెయ్యనా?"

"వద్దు," అంది. "గుచ్చుకోనీ."

కత్తెర పక్కన పెట్టి, గుడ్డంతా లోపలికి మడిచి కుట్టాను.