కామెర్ల సెలవు

ఫోన్ కంపెనీలో ఫిర్యాదుల విభాగానికి ఆమె సూపర్‌వైజర్. ఆఫీసులో అంతా ఐసుగడ్డ మేడమ్ అనేవాళ్ళు, అదీ మెచ్చుకోలుగానే. కిందివాళ్ళు చేతులెత్తేసిన కాల్స్ అన్నీ చివరికి ఆమె చెవిలోనే పడేవి. నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టినవాడు కూడా ఆమె గొంతు విన్న కాసేపటికి చల్లబడి, సర్లేమ్మా, మధ్యలో నువ్వేం చేస్తావు అని ఫోన్ పెట్టేసేవాడు. ఏళ్ళ తరబడి పడ్డ ఆ తిట్లన్నీ ఎక్కడికి పోయాయో ఎవరూ అడగలేదు. కంపెనీవాళ్ళు మాత్రం ఏడాదికోసారి ఆనంద దినం అని ఒకటి పెట్టి, తలా ఒక బెలూన్ చేతికిచ్చి, కష్టాలన్నీ అందులోకి ఊదేయమనేవారు. ఊదేటప్పుడు పగిలితే ఇంకోటి ఇచ్చేవారు కాదు.

ఇంట్లో ఇదంతా నవ్వులాటగానే మొదలైంది. పార్సెల్ తెచ్చినాయన బెల్ కొడితే ఆమె తలుపు తీసి, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అంది. ఇవాళ కూర ఏంటని భర్త అడిగితే, మీ అభ్యర్థన నమోదైంది అంది. కళ్ళద్దాల షాపు నడిపే ఆ మనిషి పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, మర్నాడు షాపుకొచ్చిన వాళ్ళందరికీ అదే చెప్పుకున్నాడు. ఆమె కూడా నవ్వింది. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి, కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున చాలాసేపు ఏడ్చింది. ఎందుకో తనకే తెలియలేదు. నిద్ర సరిగ్గా పట్టేది కాదు. ఏం తిన్నా అట్టముక్క నమిలినట్టే ఉండేది.

ఒక సోమవారం పొద్దున ఆఫీసు సెల్లార్‌లో కారు ఆపింది గానీ దిగలేకపోయింది. దిగాలనే ఉంది. చేతులే స్టీరింగ్‌ని వదలడం లేదు. వాచ్‌మన్ అద్దం మీద తట్టి, ఏమైనా కావాలా మేడమ్ అని అడిగితే, ఏమీ వద్దని నవ్వుతూ తల ఊపింది. అతను అటు తిరగ్గానే కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. పది దాటాక పక్క సీటు స్నేహితురాలు వెతుక్కుంటూ కిందికొచ్చి, చూసి, అక్కడికక్కడే ఆమె భర్తకి ఫోన్ చేసింది. అతను షాపు మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

ఇంటి దగ్గరి డాక్టర్ రక్తం, గుండె, థైరాయిడ్ అన్నీ చూసి, నిక్షేపంలా ఉన్నారమ్మా, ఎక్కువ ఆలోచించకండి అని పంపేశాడు. ఆ మాట విని భర్త హమ్మయ్య అనుకున్నాడు. వారం పోతే అదే సర్దుకుంటుందన్నాడు. అతని అక్క ఫోన్‌లో, అందరికీ ఉండేదే, దీన్ని పట్టించుకుంటే ఎలా అంది.

అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ రిటైరైన టైపిస్టు, మాటలు తక్కువ, చూపు ఎక్కువ. ఒక మధ్యాహ్నం కోడలు కిటికీ దగ్గర కూర్చుని, ముందున్న కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోకపోవడం చూసి, చీర మార్చుకుని చెప్పులేసుకుని వచ్చి నిలబడింది.

"లే అమ్మాయ్, డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

"వెళ్ళొచ్చాం కదా అత్తయ్యా. ఏమీ లేదన్నాడుగా."

"ఒంటి డాక్టర్ కాదు. మనసుకి చూసే ఆవిడ ఒకరున్నారు, కనుక్కున్నాను." ఆవిడ చేతిసంచి భుజానికి తగిలించుకుంది. "నీ మొగుడు పుట్టాక నేనూ ఇలాగే గోడ చూస్తూ కూర్చున్నాను. బద్ధకం అన్నారు, పొగరు అన్నారు. జబ్బని ఒక్కళ్ళూ అనలేదు. ఎప్పటికో నా అంతట నేనే లేచాను. నువ్వు అంతకాలం కూర్చోవక్కర్లేదు, పద."

ఆ డాక్టరమ్మ తొందరపెట్టకుండా అంతా విని, దీన్ని డిప్రెషన్ అంటారని, మందులు కొన్నాళ్ళు వాడాలని, వారం వారం వచ్చి మాట్లాడాలని, ముందు ఒక నెల ఆఫీసు మొహం చూడొద్దని చెప్పింది. తన అవస్థకు ఒక పేరుందని తెలిశాక ఆమెకు సగం బరువు దిగినట్టయింది.

మిగతా సగం సెలవు దగ్గర వచ్చిపడింది. కారణం ఏమని చెప్పాలి? నిజం చెబితే ఫైలు మీద పిచ్చి అని రాసేస్తారు, కామెర్లని చెప్పు, అడగ్గానే ఇస్తారు, అంటుకుంటుందని దగ్గరికి కూడా రారు అంది స్నేహితురాలు. సరేనంది ఆమె. సెలవు వెంటనే వచ్చింది. దగ్గరికి రారన్న మాట మాత్రం తప్పింది. ఆదివారం సాయంత్రం మేనేజరు, స్నేహితురాలు, ఇంకో ఇద్దరు పరామర్శకు బయల్దేరినట్టు కబురొచ్చింది. ఆమెకు ముచ్చెమటలు పట్టాయి. భర్త షాపుకెళ్ళి లేత పసుపురంగు అద్దాలున్న కళ్ళజోడు ఒకటి తెచ్చి ఆమె ముక్కు మీద పెట్టాడు.

"పెట్టుకుని కూర్చో. కళ్ళు పచ్చబడ్డాయో, అద్దాలు పచ్చగా ఉన్నాయో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు."

వచ్చినవాళ్ళు సంచి నిండా పళ్ళు తెచ్చారు. నూనె తగలకూడదని ఒకరు, ఉప్పు ముట్టకూడదని ఒకరు చెప్పారు. మూడో ఆయన కామెర్లతో పోయిన తన బావమరిది కథ ఎత్తుకుని, ఆస్పత్రి నుంచి శ్మశానం దాకా ఒక్క మలుపూ వదలకుండా చెప్పాడు. మేనేజరు ముందుకు వంగి, కళ్ళు బాగా పచ్చగానే ఉన్నాయి పాపం అన్నాడు. ఆమె కళ్ళజోడు ఇంకాస్త పైకి తోసుకుంది.

టీ కప్పులు తెచ్చిన అత్తగారు ట్రే బల్ల మీద పెట్టి, కోడలి ముక్కు మీద నుంచి కళ్ళజోడు తీసేసింది.

"ఈ పిల్లకి కామెర్లూ లేవు, గాడిదగుడ్డూ లేదు. మనసు బాగాలేదు. మందులు వాడుతోంది. ఈ వయసులో నాచేత అబద్ధాలు ఆడించకండి నాయనా, ఎవరికేం చెప్పానో నాకు గుర్తుండదు. చక్కెర సరిపోయిందా?"

భర్త నేల చూపులు చూశాడు. చక్కెర సరిపోయిందని బావమరిది కథ చెప్పినాయన మెల్లగా అన్నాడు. మేనేజరు టీ గబగబా తాగి అందరికంటే ముందు లేచాడు. ఉద్యోగం పోయినట్టే అనుకుంది ఆమె. చిత్రంగా భయం వేయలేదు.

కాసేపటికి మళ్ళీ బెల్ మోగింది. మేనేజరు ఒక్కడే నిలబడి ఉన్నాడు. గొడుగు మర్చిపోయానన్నాడు. వానాకాలం కాదు, అతను గొడుగు తేనూ లేదు. అతను చెప్పుల వైపు చూస్తూ, ఆ డాక్టరమ్మ ఏ టైములో ఉంటారు మేడమ్, నాకు తెలిసినాయన ఒకాయన కోసం అన్నాడు. ఆమె చెప్పింది. అతను వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "నాకు తెలిసినాయన అంటే నేనే మేడమ్" అని, సమాధానం కోసం ఆగకుండా చకచకా మెట్లు దిగిపోయాడు.

ఆ నెల మెల్లగా గడిచింది. కొన్ని రోజులు మంచివి, కొన్ని మంచం దిగనివ్వనివి. రోజు మొత్తంలో ప్రాణం తేలిగ్గా ఉండేది ఎప్పుడని డాక్టరమ్మ అడిగితే ఆమె చాలాసేపు ఆలోచించి, కారు నడిపేటప్పుడు, ఆఫీసు వచ్చేదాకా అని చెప్పింది. ఆ మాట పక్కనే కూర్చున్న అత్తగారి చెవిన పడింది. బయటికి రాగానే ఆవిడ డ్రైవర్ సీటు వైపు తలుపు తీసుకుని కూర్చుంది.

"నాకు నేర్పు. ఎన్నాళ్ళని ఒకళ్ళు దింపాలి, ఒకళ్ళు ఎక్కించుకోవాలి?"

ఇంటి వెనక ఖాళీ మైదానంలో రోజూ పాఠం. అత్తగారు క్లచ్ మీద కాలు కుట్టుమిషన్ తొక్కినట్టు తొక్కేది, పిట్ట అడ్డమొచ్చినా హారన్ కొట్టి క్షమాపణ చెప్పేది. గోడకి గుద్దబోతుంటే కోడలు గొంతు పెంచకుండా, బ్రేకు మధ్యలో ఉంటుంది అత్తయ్యా, తొందరేం లేదు, గోడ ఎక్కడికీ పోదు అనేది. ఆఫీసులో అరువిచ్చిన గొంతు ఇది కాదు. ఇందులో ఆమె కూడా ఉంది. ఒక రోజు పాఠం అయ్యాక ఇంటికొచ్చి రెండో సారి వడ్డించుకుంటూ, అన్నం రుచిగా ఉందని గమనించి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఇంకాస్త పెట్టుకుంది.

సెలవయ్యాక ఉద్యోగంలో చేరింది. మేనేజరు కాల్స్ సగానికి తగ్గించాడు. అయినా హెడ్‌ఫోన్ పెట్టుకోగానే మైదానం గుర్తొచ్చేది. కొన్నాళ్ళు అలా చూసి, ఎవరి మీదా కోపం లేకుండానే రాజీనామా చేసింది. భర్త రెండు రోజులు గింజుకున్నాడు. మూడో రోజు తన షాపు బోర్డు రాసే పెయింటర్‌నే పిలిచి, కారు తలుపుల మీద 'భయస్తులకు డ్రైవింగ్ నేర్పబడును' అని రాయించాడు. భయం ఉన్నవాళ్ళే నయం, ఏం చెయ్యకూడదో వాళ్ళకి ముందే తెలుసు అనేది అప్పటికి లైసెన్స్ తెచ్చుకున్న అత్తగారు.

ఇప్పుడు ఆమె దగ్గర నేర్చుకుంటున్న వాళ్ళలో ఒక బేకరీ యజమాని ఉన్నాడు. తలుపు నిండే భారీ మనిషి. లారీ కనిపిస్తే కళ్ళు మూసుకునేవాడు. మొన్న అతని చేత కొండ రోడ్డు ఎక్కించింది. సగం దాకా వెళ్ళాక కారు వెనక్కి జారింది, అతను కేకేశాడు. ఆమె హ్యాండ్‌బ్రేక్ లాగి, కాసేపు ఊపిరి తీసుకోండి, వెనకవాళ్ళు హారన్ కొడితే కొట్టనివ్వండి, అది వాళ్ళ సరదా అంది. రెండోసారి కారు పైదాకా ఎక్కేసింది. కొండ మీద ఆపి, కింద వీధులన్నీ చూసి అతను చిన్నపిల్లాడిలా నవ్వాడు. తర్వాత మొహం కాస్త మారింది.

"మేడమ్, దిగడం రేపు నేర్చుకుందామా? కారు ఇక్కడే ఉంచి, నడిచి వెళ్ళిపోదాం."

ఆమె పకపకా నవ్వి, బెల్టు సరిచేసుకుని, ఫస్ట్ గేరు వెయ్యండి అంది.