లేవకూడదన్న రోజు

మా కుట్టు హాల్లో చెప్పిన మాట జవదాటని మనిషి ఎవరంటే అందరూ నన్నే చూపిస్తారు. చిన్నప్పటి నుంచీ నేనింతే. బడి మానేయమని ఇంట్లో చెప్పిన రోజు పుస్తకాల సంచి గోడకు తగిలించి ఊరుకున్నాను. ఎందుకని కూడా అడగలేదు.

నా పక్క మిషను మా తోటికోడలిది. ఆమెను హాల్లో అందరూ మైకు అంటారు. స్విచ్చి ఎవరూ వేయనక్కర్లేదు, దానంతటదే మోగుతుంది. ఫ్యాను తిరగకపోయినా, తాగే నీళ్ళు అయిపోయినా లేచి నిలబడి ఉపన్యాసం మొదలుపెడుతుంది. నేను మాత్రం తలొంచుకుని కాలర్లు కుట్టుకుంటాను. ఈ పని పోతే నాకు కుదరదు. కింద గదిలో, మా పిల్లల్ని చూసుకునే ఆయమ్మ దగ్గర నా కొడుకున్నాడు. డబ్బా పాలు నోట పెడితే ఉమ్మేస్తాడు. వాడు ఏడ్చినప్పుడల్లా పరుగెత్తి పాలిచ్చి వచ్చే వీలున్న పని నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఆ రోజు పొద్దున్నే సూపర్వైజరు హాలు మధ్యలో నిలబడ్డాడు.

“ఇక నుంచి నేను చెప్పనిదే ఎవరూ సీట్లోంచి లేవకూడదు. ఏం కావాలన్నా చెయ్యెత్తండి. నేనే వస్తాను.”

“బాత్రూముకెళ్ళాలన్నా మీరే వస్తారా సార్?” అంది మైకు.

హాలంతా కిసుక్కుమంది. అతని చెవులు ఎర్రబడ్డాయి గానీ మాట మార్చుకోలేదు.

“మిషన్లు ఆపండే!” అని మైకు అరిచింది. ఎవరూ ఆపలేదు. ఆమె ఒక్కతే చేతులు కట్టుకుని కూర్చుని, కాసేపటికి తనకే విసుగొచ్చి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

అంతలో నాకు దారం అయిపోయింది. లేచి నాలుగడుగులు వేస్తే బీరువా. కానీ లేవద్దన్నారు కదా, చెయ్యెత్తాను. అతను హాలు ఆ చివర నుంచి వచ్చి కండె తీసిచ్చి వెళ్ళాడు. నా వెనకామెకు సూది విరిగింది. నన్ను చూసి తనూ చెయ్యెత్తింది. ఇంకొకామెకు బొత్తాలు కావాలి. మరొకామెకు కత్తిరించిన బట్ట కావాలి. అతను బొంగరంలా తిరుగుతున్నాడు. అతను తెచ్చి ఇచ్చేదాకా ఎవరికి వాళ్ళం బుద్ధిగా కూర్చున్నాం. ఒక్కో మిషనే ఆగుతూ వచ్చి, హాలు మొత్తం సద్దుమణిగింది.

మైకు నా చెవి దగ్గరికి వంగింది. ఆమె గొంతు తగ్గించగా నేను వినడం అదే మొదటిసారి.

“ఒసేయ్, నోట్లో నాలుక లేనిదానివనుకున్నాను. ఏం ఎత్తు వేశావే!”

“ఎత్తేంటక్కా? ఆయన చెప్పినట్టే కదా చేశాను.”

“అదే మరి! అలాగే చెయ్యి!” అని, వెంటనే హాలంతా వినబడేలా, “ఎవరూ లేవకండి! మా చెల్లి చెప్పింది!” అంది.

బొత్తాల డబ్బా చంకలో పెట్టుకుని సూపర్వైజరు నా వైపు ఒక చూపు చూశాడు. అయిపోయింది, పని పోయింది అనుకున్నాను.

అప్పుడు కింద నుంచి ఏడుపు వినిపించింది. మామూలుగా మిషన్ల మోతలో వినబడదు, ఆయమ్మే మెట్ల దగ్గరికొచ్చి పిలుస్తుంది. ఇప్పుడు నా పక్కనే ఏడ్చినంత స్పష్టంగా ఉంది. చెయ్యెత్తాను. హాలు నిండా చేతులే, అందులో నాది అతనికెలా కనబడుతుంది? జాకెట్టు తడిసిపోతోంది. వాడి గొంతు బొంగురుపోయింది. ఇంకాసేపైతే ఊపిరి బిగబట్టేస్తాడేమో, ఆయమ్మకు ఆ సంగతి తెలుసో లేదో. నేను లేచాను.

“కూర్చో!” అన్నాడు సూపర్వైజరు.

“కూర్చోవే! గెలుస్తున్నాం!” అంది మైకు.

వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం ఆ హాల్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఇద్దరి మధ్య నుంచీ నడిచి మెట్లు దిగాను.

పిల్లాడు నన్ను చూసి తిట్టినట్టు ఒక్క అరుపు అరిచి, పాలందుకున్నాడు.

“అడిగే వచ్చావా?” అంది ఆయమ్మ.

“లేదు,” అన్నాను.

కాసేపటికి ఇంకో తల్లి దిగి వచ్చింది. ఆమె వెనకే మరొకామె. తర్వాత చెప్పుల చప్పుడైంది. సూపర్వైజరు గుమ్మం బయటే ఆగి, గోడ వైపు తిరిగాడు.

“చూడండమ్మా, పిల్లల దగ్గరికైతే అడగక్కర్లేదు. మిగతాదంతా రూలు రూలే.”

“నా పని ఉంటుందా సార్?”

“మీరు పోతే ఆ కాలర్లు నేను కుట్టాలా?” అని గోడకే చెప్పి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు గానీ మైకు నోరు విప్పలేదు.

“ఇంకాసేపు కూర్చుంటే రూలంతా ఎగిరిపోయేది. నీకు కావాల్సింది నీకు దొరికింది. మేం దారానికి చేతులెత్తుకుంటూ ఉండాలి.”

అందులో అబద్ధమేమీ లేదు. సూది విరిగినామెకు పిల్లల్లేరు. బాత్రూముకని చెయ్యెత్తి, మధ్యాహ్నం ఎంతసేపు కూర్చుందో నేను చూశాను. పిల్లాణ్ణి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను.

“రేపు మళ్ళీ కూర్చుందాం అక్కా. మధ్యలో వీడికి పాలిచ్చి వస్తాను.”

ఆమె నా ముఖంలోకి చూసింది.

“ఎంతసేపట్లో వస్తావు?”

“వీడు వదిలినప్పుడు.”