రెండు చేతుల దీవెన

శాలిబండలో ఆ గల్లీ వాళ్లకు ఒక్క సంగతిలో మాత్రం అనుమానం లేదు. ఏటా ఆషాఢంలో, బోనాల ఆదివారం నాడు, రాజమణి బోనం ఎత్తుకుని గుడి మూల తిరిగిందంటే అమ్మవారు ఆమె మీదికి వచ్చి తీరుతుంది. వాన వస్తుందో రాదో చెప్పలేం గానీ అమ్మవారు మాత్రం తప్పదు. ఏడాది పొడుగునా రాజమణి మాటను ఇంట్లో పిల్లి కూడా లెక్కచెయ్యదు. ఆ ఒక్క పూట పూనకంతో శిగమూగుతూ ఆమె ఏమంటే అదే శాసనం. ఒకసారి గుడి ముందు మురికి మోరీ పొంగుతోందని అమ్మవారు మండిపడితే, అప్పటిదాకా ముక్కు మూసుకుని దాటిపోయిన మగవాళ్లంతా పారలు పట్టుకుని దిగారు.

కాబట్టి ఈసారి కూడా గుడి మూల దగ్గర రాజమణి అడుగు తడబడి, తల వాలిపోయి, ఏదో గొణగడం మొదలవగానే ఎవరూ కంగారు పడలేదు. కొమురమ్మ చప్పున ముందుకు వచ్చి ఆమె తల మీది బోనం అందుకుంది. కొమురమ్మ గల్లీకి పెద్దదిక్కు. అమ్మవారు దిగినప్పుడు ఎదురు నిలబడి ప్రశ్నలు అడగడం ఎప్పుడూ ఆమె పనే. మరో ఇద్దరు ఆడవాళ్లు రాజమణిని కింద కూర్చోబెట్టారు. సాంబ్రాణి పొగ లేచింది. డప్పుల వాళ్లు దెబ్బ పెంచారు.

రాజమణి కోడలు స్వరూప పసుపు నీళ్ల చెంబు పట్టుకుని వెనకే ఉంది. ఆమెకు మాత్రం ఏదో తేడాగా తోచింది. అత్తమ్మకు శిగం వస్తే నలుగురు పట్టుకున్నా ఆగదు. జుట్టు విరబోసుకుని రెండు చేతులూ విసురుతూ, వీధి చివరిదాకా వినబడేలా కేకలు పెడుతుంది. ఈ రోజు కేక లేదు, ఊగడం లేదు. మనిషి కుడి పక్కకు ఒరిగిపోతోంది. పసుపు పూసిన ముఖం మీద కుడివైపు పెదవి కిందికి జారి, ఆ మూల నుంచి ఉమ్మి కారుతోంది.

ఆ జారిన పెదవిని స్వరూప ఇదివరకే ఒకసారి చూసింది. మాదన్నపేటలో, పుట్టింట్లో, వాళ్ల నాయన ముఖం మీద. గ్యాస్ పట్టిందని సోడా తాగించి పడుకోబెట్టారు. పొద్దుగూకాక దవాఖానకు తీసుకెళితే డాక్టరు తల ఊపి, పొద్దున్నే తెస్తే ఇంజెక్షన్ పనిచేసేదని అన్నాడు. ఆయన ఈ రోజుకూ మంచం మీంచి లేవలేదు. నోట్లో ముద్ద పెట్టేది వాళ్లమ్మే.

దానికి తోడు స్వరూపకు పొద్దుటి సంగతి గుర్తుకొచ్చింది. అత్తమ్మకు బీపీ గోలీ ఇవ్వబోతే, "ఒక్కపొద్దు ఉన్న. గోలీ మింగితే నోరు ఎంగిలి గాదా? బోనం ఎక్కినంక ఏసుకుంట తియ్" అంది. నిన్న కూడా అదే మాట. స్వరూప గోలీ తిరిగి డబ్బాలో వేసేసింది.

"అమ్మా, మా తల్లీ, శాంతించు!" కొమురమ్మ బోనం పట్టుకునే గట్టిగా అడుగుతోంది. "వానలు మంచిగ పడతయా? పిల్లజెల్లలు సల్లగుంటరా? చెప్పు తల్లీ!"

రాజమణి నోరు కదిలింది. వచ్చింది మాట కాదు, ఒట్టి మూలుగు. కళ్లు మాత్రం ఒక్కొక్కరి ముఖం మీదికీ పోయి వెతుకుతున్నాయి.

"కోపమొచ్చింది అమ్మకు" అని తేల్చేసింది కొమురమ్మ. "మాట పల్కుత లేదు. మన దిక్కుకెల్లి ఏదో తప్పయింది."

ఆ మాటతో రాజమణి కొడుకు ప్రేమ్‌రాజ్ గబుక్కున తల్లి కాళ్ల మీద పడ్డాడు. ఆర్టీసీ బస్సు నడిపే మనిషి, రోడ్డు మీద ఎవడికీ జడవడు. అమ్మవారంటే మాత్రం చిన్నపిల్లాడే. "తప్పయితే మన్నించు తల్లీ" అంటూ చెంపలు వాయించుకున్నాడు. "ఏం గావాల్నో చెప్పు, చేస్తం."

స్వరూప అతని పక్కన కూలబడి చెవిలో చెప్పింది. "ఏమయ్యా, గిది శిగం కాదు. అత్తమ్మకు పక్షవాతం అస్తున్నది. మా నాయినకు గిట్లనే అయింది. జల్ది దవాఖానకు పోవాలె."

"పిచ్చి లేశిందా నీకు?" ప్రేమ్‌రాజ్ పళ్లు కొరికాడు. "అమ్మవారు ఒంటి మీద ఉండంగ ఏం మాటలవి? నడుమల లేపితే ఇల్లు ఆగమైతది. నోర్మూసుకో."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇక్కడ ఇల్లూ రచ్చా ఒక్కచోటే చేతులు జోడించి కూర్చున్నాయి. పోనీ స్వరూప దేవుడు లేడనే మనిషా అంటే అదీ కాదు. కడుపు పండక తిరుగుతున్న రోజుల్లో ఇదే అత్తమ్మ ఇక్కడే శిగమూగుతూ తన కడుపు మీద చెయ్యి పెడితే, ఆ ఏడే చింటు పుట్టాడని ఆమె నమ్మకం. ఇప్పుడు తను పొరబడితే? నిజంగానే అమ్మవారై ఉంటే? బతికినన్నాళ్లూ అమ్మవారిని కాదన్న కోడలిగా మిగిలిపోతుంది. పొరబడకపోతే అత్తమ్మ కూడా నాయనలాగే మంచానికి అతుక్కుపోతుంది, లేదంటే ఇక్కడే ఇలాగే పోతుంది. ఇక్కడ గడిచే ప్రతి నిమిషం అత్తమ్మ ఒంట్లోంచే పోతోంది.

అమ్మవారికి ఎదురు చెప్పకూడదు. అడగొచ్చు. అడగడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

స్వరూప చెంబు కింద పెట్టి, కొంగు నడుముకు దోపి, కొమురమ్మను దాటి అత్తమ్మ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. చేతులు జోడించి, డప్పుల మీంచి వినబడేలా అరిచింది.

"అమ్మా! మా తప్పులు కాయి తల్లీ! నీ రెండు చేతులెత్తి నా నెత్తి మీద పెట్టి దీవించు తల్లీ! రెండు చేతులు!"

డప్పులు తగ్గాయి. కోడలు ఇలా ముందుకు రావడం ఎవరూ ఎరగరు. రాజమణి స్వరూప వైపు చూసింది. ఎడమ చెయ్యి నెమ్మదిగా లేచి కోడలి తల మీదికి వచ్చింది. కుడి చెయ్యి ఒడిలో పడి ఉన్నది పడి ఉన్నట్టే ఉంది.

"రెండో చెయ్యి తల్లీ" అంది స్వరూప.

రాజమణి తన చేతి వైపు చూసుకుంది. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. చెయ్యి లేవలేదు.

"ఒక్క చెయ్యితోనే దీవించింది, సగం కోపం ఇంకా..." కొమురమ్మ అందుకోబోయింది. ఆ మాట పూర్తి కానివ్వకుండా స్వరూప ఆ కుడి చేతిని పట్టి భుజం దాకా ఎత్తి, అందరూ చూస్తుండగా వదిలేసింది. తడిబట్టలా అది ధబ్బున ఒడిలో పడింది.

ముందుగా కదిలింది రాజమణి పెనిమిటి ఆగయ్య. నల్లా నీళ్ల ఆఫీసులో పనిచేసి రిటైరైన ముసలాయన, గుడి అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. "ప్రేమ్‌రాజ్" అన్నాడు లేచి నిలబడుతూ. "చూస్తవేందిరా? మీ అమ్మను ఎత్తుకో."

"బాపూ, అమ్మవారు..."

"పాపం ఉంటే నా మీదేస్కుంట. ఎత్తుకో."

కొమురమ్మ చేతిలో బోనం ఉంది. ఆమె ముఖం పాలిపోయింది. అయినా పెద్దరికం పెద్దరికమే. "పోండ్రి" అంది. "మీ బోనం నేనెక్కిస్త. జల్ది పోండ్రి."

ఆటో లోపలికి రాదు. పొద్దున్నే పోలీసులు బారికేడ్లు పెట్టారు. ప్రేమ్‌రాజ్ తల్లిని చేతుల మీద ఎత్తుకున్నాడు. బార్కస్ నుంచి వచ్చి రోజూ ఆటో అడ్డా మీద ఉండే ఖలీల్ భాయ్‌కి స్వరూప ఫోన్ చేసి మెయిన్ రోడ్డు మీద నిలబడమంది. దూరమేమీ కాదు, మామూలు రోజున కూరగాయలకు పోయినంత. కానీ ఆ రోజు గల్లీ నిండా జనం, జనం నిండా చప్పుడు.

అసలు తంటా అక్కడే వచ్చింది. ముఖం నిండా పసుపు, నుదుట పెద్ద బొట్టు, మెడలో వేపమండలు, మనిషి సోయిలో లేదు. చూసిన వాళ్లంతా అమ్మవారే వస్తోందనుకున్నారు. ప్రతి గుమ్మం ముందూ ఆడవాళ్లు బిందెలతో ఎదురొచ్చి కాళ్ల మీద సాక నీళ్లు పోస్తామని ఆపుతున్నారు. ఒకావిడ పసిపిల్లను తెచ్చి ప్రేమ్‌రాజ్ కాళ్ల ముందు పడుకోబెట్టింది, దాటి వెళ్లమని.

"అమ్మవారు కాదు! మా అత్తమ్మ! పాణం బాలేదు, తొవ్వ ఇడువుండ్రి!" స్వరూప గొంతు చించుకుంది. డీజే పెట్టెల హోరులో ఆ మాట పక్కవాళ్లకే అందలేదు. వెనక డప్పుల వాళ్లు కూడా ఊరేగింపు ఇటు మళ్లిందేమోననుకుని కొట్టుకుంటూ వెంట వచ్చేశారు. ఏడవాలో నవ్వాలో తెలియని దుస్థితి. రాజమణి తల కొడుకు భుజం మీద అటూ ఇటూ దొర్లుతోంది. స్వరూప ఆ తలను పట్టుకుని నడుస్తూ, ఊపిరి ఉందా లేదా అని మాటిమాటికీ చూసుకుంటోంది.

అప్పుడు రాహుల్ ముందుకొచ్చాడు. రాజమణి చెల్లెలి కొడుకు, ఆ ఏడు అమ్మవారి ముందు కొరడా ఝళిపించే పోతరాజు వేషం అతనిదే. "వదినా, అరుస్తె ఎవ్వలు ఇనరు. నువ్వు పెద్దమ్మను చూస్కో" అని కొరడా ఎత్తి ఫెళ్లున నేల మీద కొట్టాడు. గజ్జెలు ఘల్లుమనిపిస్తూ ఉరికాడు. మనిషి మాట వినని జనం పోతరాజుకు దారి ఇస్తారు. బిందెలు వెనక్కి పోయాయి, పసిపిల్లను తల్లి ఎత్తుకుంది. అతని వెనక ఏర్పడిన ఆ సందులోంచి ఆగయ్యతో సహా వాళ్లు పరుగెత్తారు.

"యా అల్లా, ఖాలాకు ఏమైంది?" అంటూనే ఖలీల్ భాయ్ ఆటో స్టార్ట్ చేశాడు. "బైఠో, బైఠో!"

దవాఖాన దగ్గర ఒళ్లంతా పసుపుతో, చేతిలో కొరడాతో దిగిన రాహుల్‌ను చూసి వాచ్‌మన్ ముందు తప్పుకుని, తర్వాత ఆపాలని గుర్తొచ్చి వెంటపడ్డాడు. లోపల డాక్టరమ్మ ఒక్కటే అడిగింది. చివరగా మనిషి బాగా ఉన్నది ఎప్పుడు?

"బోనం ఎత్తుకునేటప్పుడు మంచిగనే ఉండె మేడం" అంది స్వరూప. "రెండు చేతులతోని పట్టుకున్నది. మంచిగ మాట్లాడింది. గుడి మూల తిరిగేటప్పుడు కాలు ఈడ్చింది." గోలీ సంగతి కూడా దాచలేదు.

స్కానింగ్ తీశారు. మెదడు నరంలో నెత్తురు గడ్డ కట్టి అడ్డుపడిందనీ, ఇంజెక్షన్ ఇవ్వడానికి ఇంకా సమయం ఉందనీ, ఎంత తేరుకుంటుందో మాత్రం ఇప్పుడే చెప్పలేమనీ డాక్టరమ్మ అంది. తలుపు మూసుకుంది.

బయట బెంచీ మీద కూర్చున్న ప్రేమ్‌రాజ్ చొక్కాకు తల్లి ముఖం మీది పసుపు అంటి ఉంది. దాన్నే చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "స్వరూపా... ఒకేళ నిజంగ అమ్మవారే అయితే? మనం నడుమల లేపుకొచ్చినం. గందుకే అమ్మకు ఏమన్న అయితే?"

స్వరూపకు లోపల ఉన్న భయమూ అదే. "ఏం గాదు" అని మాత్రం అంది. ఆ మాట ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. ఆగయ్య ఇద్దరినీ చూసి, తలపాగా తీసి ముఖం తుడుచుకుని, కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం లోపలికి రమ్మన్నారు. రాజమణి ముఖం కడిగేశారు. పసుపు లేకపోయేసరికి మనిషి చిన్నదైపోయినట్టు ఉంది. పెదవి ఇంకా కొంచెం వంకరగానే ఉంది. కళ్లలో మాత్రం తెలివి ఉంది. ప్రేమ్‌రాజ్ తిన్నగా మంచం చివరికి పోయి తల్లి పాదాలు పట్టుకున్నాడు.

"అమ్మా, మాఫ్ చెయ్యి. అమ్మవారు నీ ఒంటి మీదుండంగనే ఎత్తుకొచ్చిన."

రాజమణి నాలుక మందంగా కదిలింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది.

"అమ్మ... యాడొచ్చిందిరా? పాణం పోతున్నది, పట్టుకోండ్రిరా అని... నేను మొత్తుకుంటున్న. నా మాట... నాకే ఇనబడుతున్నది. మీరందరు... దండం పెట్టుకుంట కూసున్నరు."

ప్రేమ్‌రాజ్ చేతులు పాదాల మీంచి జారాయి. స్వరూప నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రాజమణి ఇంకా ఏదో చెప్పబోయింది గానీ మాట మళ్లీ చిక్కుపడింది.

ప్రేమ్‌రాజ్ లేచి, మంచం చుట్టూ తిరిగి వచ్చి, ఆమె తల దగ్గర కూర్చున్నాడు. వంగి, ఆమె నోటి దగ్గర చెవి పెట్టాడు.

"చెప్పమ్మా" అన్నాడు. "ఇంటున్న."