చెవులు నిక్కించిన జింక

ఆ జాతిలో మిగిలిన ఆఖరి జింక చచ్చిపోయాక, జూలో బకెట్ బాబాయికి పని లేకుండా పోయింది. అది పిల్లగా ఉన్నప్పటి నుంచి దాణా పెట్టింది అతనే. పైవాళ్లు జాలిపడి పక్కనే ఉన్న మ్యూజియంలో నక్షత్రచేపల తొట్టి దగ్గర వేశారు. పేరుకే చేప. మెదడూ లేదు, గుండే లేదు, పిలిస్తే పలికేది అసలే కాదు. చెయ్యి తెగితే మాత్రం తీరిగ్గా ఇంకోటి మొలిపించుకుంటుంది. అన్నీ ఉన్న జింకేమో చిన్న జబ్బుకే పోయింది. ఇదెక్కడి న్యాయమని బాబాయికి ఒళ్లు మండేది.

జింక చర్మాన్ని బొమ్మగా నిలబెట్టింది బాబాయి సొంత వదినే. మ్యూజియంలో ఆవిడ పనే అది. చర్మం ఇంకా తడిగా ఉండగానే మరిదికి కబురు పెట్టి, చెవులు ఎలా ఉంచమంటావని అడిగింది. ముందుకు, అన్నాడు బాబాయి ఆలోచించకుండా. అతనెప్పుడు చూసినా అలాగే ఉండేవి మరి. తను లేనప్పుడు ఎలా ఉండేవో అతనికేం తెలుసు?

బొమ్మను హాల్లో పెట్టిన రోజు గానీ బాబాయికి తను చేసిన పని తెలిసిరాలేదు. జింక హాలు తలుపు వైపే చెవులు నిక్కించి నిలబడి ఉంది. తొట్టి గదికి దారి దాని ముందునుంచే. బాబాయి చేతిలో ఒకప్పుడు దాణా మోసిన బకెట్టే, ఇప్పుడు నక్షత్రచేపల మేతకి ఆల్చిప్పలతో. దాని పిడి కిర్రుమంది. అతను ఠక్కున ఆగిపోయాడు. బతికున్నన్నాళ్లూ అది చెవులు నిక్కించింది ఆ చప్పుడు కోసమే.

మర్నాటి నుంచి పిడికి గుడ్డ చుట్టి, తల వంచుకుని దొంగలా పోయేవాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా ఆ చెవులే గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. చివరికి వదిన కాళ్లావేళ్లా పడ్డాడు.

"చెవులు వెనక్కి తిప్పండి వదినా. అది నా కోసమే చూస్తోంది."

"ఎండిపోయిన తోలయ్యా. తిప్పితే చిరుగుతుంది. నీ నక్షత్రచేపకైతే తెగినవి మళ్లీ మొలుస్తాయి. దీనికి ఇవే చెవులు."

అయితే ఉద్యోగమే మానేస్తానన్నాడు. మానెయ్యమంది వదిన. నువ్వు మానేసినా అది అలాగే నిలబడి ఉంటుంది కదా అని మాత్రం అంది.

బాబాయికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున హాలు గుమ్మంలో ఆగి, పిడికి చుట్టిన గుడ్డ విప్పేశాడు. కిర్రుమనిపించుకుంటూ నడిచి బకెట్‌ను జింక ముందు దించాడు.

"వచ్చానే తల్లీ," అన్నాడు.

అది దాణా తినడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ నిలబడ్డాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, బకెట్ ఎత్తుకుని తొట్టి గదివైపు నడిచాడు. లోపలికి వెళ్లబోతూ వెనక్కి చూశాడు. చెవులు ఇంకా అతను వచ్చిన తలుపు వైపే ఉన్నాయి.