‘లిఫ్టు పనిచేయదు’ మళ్ళీ కలిసింది

వాళ్ల బ్యాండు పేరు ‘లిఫ్టు పనిచేయదు’. ఆ పేరు కోసం ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు. ఒక పాత ప్రింటింగ్ ప్రెస్సు ఖాళీ చేసి వెళ్లిన గది నాలుగో అంతస్తులో దొరికింది. కింద లిఫ్టు తలుపుకు ఆ బోర్డు వేలాడుతుండేది. డ్రమ్ములూ ఆంప్లిఫయర్లూ భుజాల మీద మోసుకుంటూ, రొప్పుతూ పైకి చేరేసరికి అందరి నోటా అదే మాట. చివరికి అదే పేరై కూర్చుంది.

డ్రమ్స్ వాయించేది వదిన. నిజానికి ఆమె గిటారు వాయించేవాడికి మాత్రమే వదిన. కానీ అతని పిలుపు విని బ్యాండులో కొత్తగా చేరినవాళ్లూ, చివరికి సౌండు పెట్టెలు అద్దెకిచ్చే ఆయనా ఆమెను వదినా అనే పిలిచేవారు. పగలు ఆమె ఒక చెవి ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. “పొద్దున జనం చెవులు బాగుచేస్తుంది, సాయంత్రం వాటికి చిల్లులు పొడుస్తుంది” అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతుండేది. ఆ మాటల్లో ఎత్తిపొడుపు ఎంతో మురిపెం కూడా అంతే.

అసలు బ్యాండు ముందు, బంధుత్వం తర్వాత. తమ్ముడి ఆంప్లిఫయరు మోయడానికి నాలుగు అంతస్తులెక్కి వచ్చిన అన్న, దాన్ని దించి వెళ్లిపోకుండా ఒక స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఏడాది తిరిగేసరికి పెళ్లయింది. అప్పటినుంచి గిటారువాడు మరిది అయ్యాడు. స్టూలు మాత్రం మొగుడిదే.

పాడేది పిట్ట. వదినకు కాలేజీ నాటి నేస్తం. చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది, గొంతెత్తితే కిటికీ అద్దాలు గడగడలాడతాయి. ఇక కింది స్వరాలు పలికే బేస్ గిటారు దగ్గరే ఎవరూ నిలవలేదు. మొదట వాయించిన బ్యాంకు గుమాస్తాకు బదిలీ అయింది. తర్వాత వచ్చిన గెడ్డంవాడు పెళ్లి చేసుకుని, గెడ్డం తీయించుకుని, తన బేస్ గిటారును గదిలోనే వదిలేసి వెళ్లిపోయాడు.

బ్యాండు మొదటిసారి చెదిరింది పిట్ట వల్ల. పేరున్న ఒక పెద్ద బృందం పిలిస్తే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. మరిది మూడు రోజులు అన్నం ముట్టలేదు. వదిన మాత్రం డ్రమ్ముల మీద దుప్పటి కప్పి, “వస్తుందిలే” అంది. అన్నట్టే ఒక వానాకాలపు సాయంత్రం పిట్ట తడిసి ముద్దై మెట్లెక్కి వచ్చింది. “పాడేటప్పుడు నవ్వమంటారే వాళ్లు! ఏడుపు పాటకి కూడా నవ్వాలట!” అంది. వదిన దుప్పటి తీసింది.

రెండోసారి చెదిరింది మరిది వల్ల. అతని గిటారు రోజురోజుకూ చెవులు హోరెత్తించసాగింది. తగ్గించమంటే “పదును తెలియట్లేదు” అంటూ పదును పెంచే బొత్తాన్ని ఇంకాస్త తిప్పేవాడు. ఒక కాలేజీ మైదానంలో కచేరీ జరుగుతుండగా, పాట సగంలో పిట్ట మైకు కింద పెట్టి, అందరి ముందూ అరిచింది.

“నీ గిటారుకే పాట నేర్పించుకో. నేను పోతున్నా!”

“నీ గొంతు వినపడకపోతే అది నా తప్పా?” అని మరిది అంతకన్నా గట్టిగా అరిచాడు.

చివరికి పోతానన్న పిట్ట ఉండిపోయింది, ఆ రోజుతో అతనే బయటికి నడిచాడు. అతని స్థానంలో ఒక కుర్రపిల్ల వచ్చింది. మడత నలగని చొక్కా వేసుకుని, మడత పడకుండా వాయించేది. అందుకే ఇస్త్రీ అని పేరు పడిపోయింది. బేస్ లేకుండానే ముగ్గురూ నెట్టుకొచ్చారు. కోపం చల్లారక పిట్ట ఒక పాట రాసింది. ‘గోడ’ అని. ఎంత మొత్తుకున్నా వినిపించుకోని ఒక గోడను పట్టుకుని తిట్టిపోసే పాట. తమాషా ఏమిటంటే, వాళ్ల పాటలన్నిటిలోకీ జనం నోళ్లలో నానింది అదే. మరిది సొంతంగా పెట్టుకున్న బ్యాండు మాత్రం ఒక్క కచేరీ కూడా చేయకుండానే కొట్టుకుని విడిపోయింది.

ఇంట్లో పరిస్థితి చూడాలి. ఒకే బల్ల దగ్గర భోజనం. మరిది వదినతో పప్పు గురించి మాట్లాడతాడు, పాట గురించి మాట్లాడడు. ఎవరైనా ‘గోడ’ కూనిరాగం తీస్తే కంచం పట్టుకుని వరండాలోకి వెళ్లిపోతాడు.

అలాంటి రోజుల్లో వాళ్లు మొట్టమొదట కచేరీ చేసిన థియేటరుకు మరమ్మతులు పూర్తయ్యాయి. దాని మేనేజరు వదినకు ఫోను చేశాడు. “మళ్లీ తెరుస్తున్నామమ్మా. మీతోనే మొదలుపెట్టాలని మా కోరిక. కానీ పాత మనుషులే కావాలి.”

“ఆలోచిస్తాను” అని వదిన ఫోను పెట్టేసింది. కానీ అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసింది. మరిది లేకుండా ఆ స్టేజి ఎక్కకూడదు. ఎలా అన్నదే తేలాలి.

ఆ ఆదివారం పొద్దున ఆమె బట్టలు మడతపెడుతుంటే, మరిది వాషింగ్ మెషీను పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఉతకడం అయిపోయి మెషీను కీచుకీచుమంటోంది. ఆగి మళ్లీ కీచుమంటోంది. అతను తల ఎత్తలేదు. వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. “ఒరేయ్, పక్కనే కూర్చుని ఆ గోల ఆపలేవా?”

“ఏ గోల?” అన్నాడు మరిది. వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు.

వదిన చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. పదును తెలియట్లేదంటూ అతను బొత్తాం తిప్పడం, టీవీ దగ్గర ఎప్పుడూ కుడి చెవి అటు పెట్టి కూర్చోవడం ఒక్కసారిగా కళ్లముందు కదిలాయి. ఊరి చెవులన్నీ చూస్తూ ఇంట్లో చెవిని వదిలేశానే అని తనను తాను తిట్టుకుంది. తిట్టుకుంటూ కూర్చునే మనిషి కాదు గనుక వెంటనే మరిది ఎదురుగా వచ్చి నిలబడింది.

“రేపు మా ఆసుపత్రికి రా. నీ చెవులు చూస్తాను.”

“నా చెవులకేం? భేషుగ్గా ఉన్నాయి.”

“అయితే పందెం. భేషుగ్గా ఉన్నాయని తేలితే, మన పాత థియేటరు మళ్లీ తెరుస్తున్నారు, అక్కడ నీ గిటారు నువ్వెంత పెట్టమంటే అంత పెట్టిస్తాను. పిట్ట నోరు నేను మూయిస్తాను.”

పిట్ట నోరు మూయించడం అనేసరికి అతని కళ్లు మెరిశాయి. మర్నాడు ఠంచనుగా వచ్చాడు.

పరీక్ష గది చిన్నది. గోడలకు మెత్తటి పలకలు, మధ్యలో ఒక కుర్చీ. గాజు కిటికీకి ఇవతల వదిన, ఆమె ముందు మెషీను. అతని తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో ఒక మీట పెట్టింది. “శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కు. ఎంత సన్నగా ఉన్నా సరే.”

ముందు కింది స్వరాలు మొదలయ్యాయి. అతను టకటకా నొక్కాడు. వదిన మనసు తేలికపడింది. స్వరం పెంచుతూ పోయింది. మధ్యస్థాయి దాటగానే నొక్కడం పలచబడింది. ఇంకా పైకి వెళ్లింది. మీట కదలలేదు. మోత పెంచింది. కదలలేదు. ఇంకా పెంచింది. ఆ శబ్దానికి మామూలు మనిషయితే హెడ్‌ఫోన్లు పీకి అవతల పారేస్తాడు. మరిది మాత్రం గాజులోంచి ఆమెను చూసి చిరునవ్వు నవ్వాడు.

“వదినా, మొదలుపెట్టవేం? ఎంతసేపు కూర్చోను?”

ఆమె జీవితంలో వందలమందికి ఈ పరీక్ష చేసింది. ఆ ఒక్క మాటకు మాత్రం మెషీను ఆపేసి లేచింది.

బయటికి తీసుకొచ్చి కుర్చీ దగ్గరగా లాక్కుని, ఉన్నదున్నట్టు చెప్పింది. “కింది స్వరాలు నీకు బ్రహ్మాండంగా వినిపిస్తున్నాయి. పైవి పోయాయి. కొద్దిగా కాదు, బాగా. ఎడమ చెవికి మరీ ఎక్కువ.”

“ఎడమే ఎందుకు?”

“స్టేజి మీద నీ ఎడమవైపు ఏముంటుంది?”

మరిది ఎడమ చెవి తడుముకున్నాడు. “నీ తాళాలు” అన్నాడు. డ్రమ్ముల పైన వేలాడే ఇత్తడి పళ్లేలను అతను తాళాలనే అంటాడు. వాటి మోత నుంచి కాపాడుకోమని ఆమె అందరికీ చెవి బిరడాలు ఇచ్చింది. పాటనే పసిపిల్లను చేతులకు తొడుగులు వేసుకుని ఎత్తుకుంటామా అంటూ అతనొక్కడే వాటిని పెట్టుకోలేదు.

“పిట్టకి చెప్పకు.”

“నేను చెప్పను. చెప్పాల్సింది నువ్వు.”

ఇంటికి వెళ్లి అతను గిటారును మంచం కిందికి తోసేశాడు. వినికిడి మెషీను పెట్టుకోనని మొండికేశాడు. అత్తగారికి సంగతి తెలిసి, కొడుకు మంచం మీద కూర్చుంది.

“మీ నాన్న కళ్లజోడు పెట్టుకోనని ఏడాదిపాటు పేపరు తలకిందులుగా చదివాడు. వార్తలన్నీ తెలిసినట్టే తల ఊపేవాడు. నువ్వూ అలాగే తల ఊపుకుంటూ బతుకుతావా?”

మరిదికి నవ్వొచ్చింది. నవ్వాక మొండితనం నిలవడం కష్టం. ఆ వారంలోనే చెవుల వెనక రెండు చిన్న మెషీన్లు చేరాయి. పెట్టుకున్న మొదటిరోజు వంటింటి వైపు చూస్తూ వదిన చెవిలో గొణిగాడు. “అమ్మ నన్ను ఇన్నేళ్లుగా ఇన్ని మాటలంటోందా?”

తర్వాతి రిహార్సలుకు అతను తనంతట తానే మెట్లెక్కి వచ్చాడు. పిట్ట ముఖం మాడ్చుకుంది. ఇస్త్రీ అతన్ని చూసి తన వైర్లు చుట్టడం మొదలుపెట్టింది. మరిది గది మధ్యలో నిలబడి జుట్టు పక్కకు తీసి, చెవుల వెనక చూపించాడు.

“నువ్వు పాడుతున్నప్పుడు నాకు సగం వినిపించేది కాదు పిట్టా. అందుకే పెంచుకుంటూ పోయాను. పొగరు కూడా ఉందనుకో.”

పిట్ట నోరెళ్లబెట్టింది. ఆ పైన అంతెత్తున లేచింది. “ముందే చెప్పి ఏడవొచ్చుగా! నీ మీద అంత పాట రాసి ఊరంతా పాడించాను. ఇప్పుడేం చెయ్యను? ఆ పాట ఆపేస్తాన్రా.”

“ఆపితే ఊరుకోను. నువ్వు రాసినవాటిలో కాస్త బాగున్నది అదొక్కటే.”

ఆమె అతని వీపు మీద ఒక్కటి చరిచింది. కళ్లు తుడుచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. ఈ సందట్లో ఇస్త్రీ గిటారు పెట్టె భుజానికి తగిలించుకుని తలుపు దాకా వెళ్లింది.

“ఎక్కడికి?” అంది వదిన.

“అన్న వచ్చేశాడు కదా వదినా. ఇక నేనెందుకు?”

“ఆ పెట్టె దించు. గిటారు నీదే.” వదిన మరిది వైపు తిరిగింది. మూలన దుమ్ము పట్టి ఉన్న బేస్ గిటారును డ్రమ్ము కర్రతో చూపించింది. “అది నీది.”

మరిది ముఖం ఎర్రబడింది. “అంటే నన్ను వెనక్కి తోస్తున్నావా?”

“నా పక్కకు రమ్మంటున్నాను. నీకు కింది స్వరాలు మాలో ఎవరికన్నా బాగా వినిపిస్తాయి. నేను కొలిచి చూశాను. నీ ఎడమ చెవికి తాళాల మోత తగలకుండా ఈసారి నా ఎడమవైపు నిలబడు, బిరడాలు పెట్టుకో.”

స్టూలు మీద ఉన్న మొగుడు లేచి బేస్ దుమ్ము దులిపి తమ్ముడి చేతికిచ్చాడు.

తేలిగ్గా ఏమీ కుదరలేదు. లావు తీగలకు మరిది వేళ్లు బొబ్బలెక్కాయి. పాత అలవాటు కొద్దీ ఖాళీ దొరికిన చోటల్లా స్వరాలు కుక్కేవాడు. “తక్కువ వాయించు. ఇంకా తక్కువ” అని వదిన ప్రాణం తీసేది. ఒకరోజు విసిగి, పాట మొత్తం ఒకే స్వరం వాయించి పారేశాడు. పాట ముగిశాక పిట్ట వెనక్కి తిరిగి, “ఇన్నాళ్లకు నా గొంతు కింద నేల ఉన్నట్టుంది” అంది. మరిది మళ్లీ గిటారు మాట ఎత్తలేదు.

ఇస్త్రీ సంగతి తెలిసి థియేటరు మేనేజరు నసిగాడు. “పాత మనుషులన్నారు కదమ్మా...”

“అన్నది మీరు. పోస్టరు మీద పాత ఫొటో వేసుకోండి, ఎవరూ కాదనరు. స్టేజి మీద మాత్రం మేం నలుగురం. ఒప్పుకుంటే వస్తాం” అంది వదిన. ఆయన ఒప్పుకున్నాడు.

థియేటరు కిటకిటలాడింది. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. మొదటి పాటలోనే మరిది చెవి మెషీన్లు కుయ్యిమని కూశాయి. అతను కంగారు పడకుండా వాటిని తీసి జేబులో వేసుకుని, బిరడాలు పెట్టుకుని, వదిన కుడికాలు మీద చూపు నిలిపాడు. ఆ కాలు పెద్ద డ్రమ్మును తన్నిన ప్రతిసారీ అతని వేలు తీగ మీద పడింది. చెక్క స్టేజి అరికాళ్ల కింద అదురుతుంటే వాళ్లిద్దరూ ఒకే మనిషిలా నడిచారు. ఆ నడక మీద ఇస్త్రీ మొదటిసారి చొక్కా నలిగేలా వాయించింది.

‘గోడ’ వచ్చింది. పిట్ట చరణం అందుకుని, వేలు తిన్నగా మరిది వైపు చూపించింది. జనానికి పాత గొడవ అంతా తెలుసు. అందరి తలలూ అతని వైపు తిరిగాయి. మరిది బేస్ ఆపకుండానే నడుము దాకా వంగి సలాము చేశాడు. హాలు పైకప్పు లేచిపోయేలా అరిచింది. ముందు వరుసలో అత్తగారు చెవుల్లో బిరడాలతో లేచి నిలబడి, పక్కవాళ్లను పొడిచి పొడిచి, “ఆ గోడ మావాడే” అని చెప్పింది.

కచేరీ అయ్యాక నెల తిరక్కుండానే పిట్ట మళ్లీ నసుగుతూ వచ్చింది. నాటకాలవాళ్లు పిలిచారట. ఊళ్లు తిరుగుతూ పాడాలట. ఆర్నెల్లు పడుతుందట.

“వెళ్లు” అంది వదిన. “ఈసారి చెప్పి వెళ్తున్నావు, అదే పదివేలు.”

“నా చోట ఎవరు పాడతారు?”

“వచ్చాక చూసుకో. మేమైతే ఖాళీగా కూర్చోం.”

పిట్ట వెళ్లిన వారమే ముగ్గురూ గదిలో కలిశారు. ఎవరు పాడాలని మరిది అడిగితే, ఇస్త్రీ గొంతు సవరించుకుని తన దగ్గర ఒక పాట ఉందని చెప్పింది. ఎప్పటినుంచో ఉందట. ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదట. గొంతు పిట్టంత పెద్దది కాదు, బొంగురు కలిసిన చిన్న గొంతు. వదిన కర్రలు పక్కన పెట్టి, చేతివేళ్లతో మెత్తగా దరువందుకుంది. రెండో చరణం దగ్గర మరిది ఒక స్వరం తప్పాడు. తప్పింది అసలుదాని కన్నా బాగుందని ముగ్గురికీ ఒకేసారి తోచింది. దాన్ని అలాగే ఉంచేశారు.